బాకీ పడ్డ ఫీజు, ఎనిమిది దాటినా రాని తల్లి: ఇంట్లో డే కేర్ నడుపుతున్న పాఠకురాలికి సమాధానం

ప్రశ్న:

తిరుపతి బైరాగిపట్టెడలో మేము అద్దెకుంటున్న ఇంటి ముందు గదులు రెండింటిలో మూడేళ్లుగా డే కేర్ నడుపుతున్నాను. ఏడాది నిండిన పాప నుంచి నాలుగేళ్ల బాబు దాకా తొమ్మిది మంది వస్తారు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా చూసుకుంటాను. పాలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చిరుతిండి కలిపి నెలకు 4,500 రూపాయల ఫీజు. సాయానికి ఒక ఆయా ఉంది. పిల్లలతో నాకు ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా పెద్దవాళ్లతోనే. మావారి స్నేహితుడు మూడు నెలలుగా ఫీజు ఇవ్వలేదు. అడిగితే ‘ఎక్కడికి పోతాము వదినా, ఇచ్చేస్తాము’ అంటాడు. ఇంకొకరు ఏప్రిల్, మే నెలలు పాపను మదనపల్లెలో అమ్మమ్మ ఇంట్లో ఉంచి, జూన్‌లో తీసుకొచ్చి ‘రాని నెలలకు ఫీజేమిటి?’ అన్నారు. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ వారంలో మూడు రోజులు ఎనిమిది దాటితే గాని రాదు. ఒక తండ్రి తన కొడుకు చేతి మీద పంటి గాటు చూసి వీధిలో నిలబడి కేకలు వేసి, గూగుల్‌లో రాస్తానని బెదిరించాడు. ఒకరు ఆఫీసులో చూపించుకోవడానికి 7,000కు రసీదు రాసిమ్మంటున్నారు. జ్వరం ఉన్న బిడ్డకు మందు పోసి, తగ్గిందని చెప్పి వదిలి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాషింగ్ మెషీను, ఇన్వర్టరు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చాను. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. మూసేయమని మావారు అంటారు. పిలకాయల దగ్గర పైసా పైసా లెక్క చూడకూడదని మా అత్తమ్మ అంటుంది. ఎవరినీ దూరం చేసుకోకుండా నెట్టుకు రావడం ఎలా? అసలు నడపాలా, మూసేయాలా? పేరు వేయవద్దు. ఖర్చుల చీటీ జతచేస్తున్నాను.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో తల్లిదండ్రుల గురించి చాలా రాసి, డబ్బు గురించి చివర నాలుగు మాటలతో సరిపెట్టారు. నేను ఆ చివరి మాటల దగ్గరే మొదలు పెడతాను. మీ దగ్గర ఒక్కొక్క బిడ్డకు నిజంగా ఎంత ఖర్చవుతున్నదో మీకు కచ్చితంగా తెలియకపోవడం వల్లనే, ఫీజు అడగవలసి వచ్చినప్పుడల్లా మీ గొంతు తగ్గిపోతున్నదని నాకు అనిపించింది.

మీరు పంపిన చీటీనే తిరిగి చూద్దాం. ఆయాకు 9,000. ఇంటి అద్దె 14,000లో పిల్లలు వాడే గదుల కింద సగం, అంటే 7,000. దీన్ని మీరు చీటీలో వేయలేదు, ఎలాగూ కట్టే అద్దె కదా అనుకుని ఉంటారు, కానీ ఆ గదులు మీ కుటుంబానికి పగలంతా లేనట్టే గనుక వేయవలసిందే. అదనపు కరెంటు 2,000. గ్యాసు 900. సబ్బులు, ఫినాయిలు, టిష్యూలు 1,200. బొమ్మలు, చాపలు, మరమ్మతులు 800. తిండికి మీరు చెప్పిన లెక్క ప్రకారం బిడ్డకు రోజుకు 35 రూపాయలు, నెలకు 25 రోజులు, తొమ్మిది మందికి 7,875. అన్నీ కలిపితే 28,775. తొమ్మిది మందీ సక్రమంగా ఫీజు ఇస్తే వచ్చేది 40,500. మిగిలేది 11,725. రోజుకు పదకొండు గంటల చొప్పున 25 రోజులకు ఇది మీ జీతం, గంటకు 43 రూపాయలకు కాస్త తక్కువ. అందులో నుంచే అప్పు మీద వడ్డీ 1,200 పోవాలి.

ఇప్పుడు మీ రెండు పెద్ద సమస్యలను ఈ లెక్కలో పెట్టి చూడండి. బిడ్డ రోజూ వస్తూ ఫీజు మాత్రం రాకపోతే మీరు నష్టపోయేది పూర్తిగా 4,500. బిడ్డ ఊరికి వెళ్లి ఆ నెల రాకపోతే మీ ఖర్చులో తగ్గేది తిండి ఒక్కటే, 875 రూపాయలు. ఆయా జీతం తగ్గదు, అద్దె తగ్గదు, ఫ్యాను తిరగడం ఆగదు. అంటే రాని నెలకు కూడా మీకు 3,625 రూపాయల నష్టం. ఏప్రిల్, మే నెలల్లో ఈ రెండు కుటుంబాలలాంటివి ఒకేసారి కుదిరితే మీ 11,725లో మిగిలేది 3,600. వడ్డీ కట్టాక 2,400. ఎవరో ఇద్దరి దగ్గర మొహమాటపడితే పోయేది కొద్దిపాటి డబ్బు కాదు, ఆ నెల మీ జీతంలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ. మీ అత్తమ్మగారికి ఈ లెక్కను ఒకసారి నెమ్మదిగా చదివి వినిపించండి. పిల్లల తిండి దగ్గర లెక్క చూడకూడదని ఆవిడ చెప్పే మాటలో న్యాయం ఉంది, అది అక్షరాలా పాటించండి. ఫీజు మాత్రం పిల్లలు ఇచ్చేది కాదు, ఉద్యోగాలు చేసుకునే పెద్దలు ఇచ్చేది.

మీరు అమ్ముతున్నదేమిటో ముందు స్థిరపరచుకోవాలి. మీరు ఒక బిడ్డ కోసం నెలంతా ఒక చోటు ఖాళీగా ఉంచి, మనిషిని పెట్టి, వంటకు సిద్ధంగా ఉంటున్నారు. ఫీజు ఆ చోటుకు. రిజర్వు చేసుకున్న బస్సు సీటు లాంటిదే ఇది: ప్రయాణికుడు ఎక్కకపోయినా ఆ సీటు ఇంకొకరికి ఇవ్వలేదు గనుక టికెట్టు టికెట్టే. కాబట్టి రాని నెలకు ఫీజు ఎందుకని అడిగిన తల్లికి మీరు చెప్పవలసిన జవాబు, ‘పాప చోటు అట్టిపెట్టి ఉంచాలంటే ఆ నెలకు 3,600 ఇవ్వండి, తిండి ఖర్చు నేను మినహాయించాను, వద్దనుకుంటే చోటు వదిలేయండి, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ ఉంటే చేర్చుకుంటాను’ అని. సగం ఫీజుకు ఒప్పుకోవద్దు, సగం అనేది మాట్లాడుకోవడానికి సులువుగా ఉంటుంది గాని మీ లెక్కకు సరిపోదు. అయితే గడిచిపోయిన ఏప్రిల్, మే నెలలకు ఈ నియమం లేదు. ముందు చెప్పని నియమానికి ఇప్పుడు డబ్బు అడగడం ధర్మం కాదు, అడిగినా రాదు. ఆ రెండు నెలలు వదిలేయండి.

మీ వారి స్నేహితుడి బాకీ వేరే సంగతి. అది ముందుగా తెలిసిన ఫీజు, బిడ్డ రోజూ వచ్చాడు, అన్నం తిన్నాడు. ఇక్కడ మీకు అడ్డుపడుతున్నది స్నేహం. ‘వదినా’ అన్న పిలుపుతో అతడు ఈ వ్యవహారాన్ని మీ చేతిలో నుంచి ఇంటి వ్యవహారంలోకి మార్చేస్తున్నాడు. దీనికి మీ వారు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. స్నేహితుడిని నిలదీయనక్కర్లేదు, మధ్యవర్తిత్వం అసలే వద్దు. ‘ఆ లెక్కలన్నీ తనే చూసుకుంటుంది, తనతోనే మాట్లాడు’ అని ఒక్క మాట అంటే చాలు. ఆ తర్వాత మీరు ఫోనులో కాకుండా రాతలో అడగండి. నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్తే అన్నయ్యా. మే, జూన్, జూలై నెలల ఫీజు మొత్తం 13,500 రూపాయలు రావలసి ఉంది. దీన్ని సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు 5వ తేదీల్లో 4,500 చొప్పున ఇవ్వవచ్చు. ఆగస్టు ఫీజు ఈ నెల 10లోగా, సెప్టెంబరు నుంచి ప్రతి నెలా 5లోగా ముందుగా చెల్లించాలి. సమ్మతమైతే సరేనని రాయండి.’

ఇందులో కోపం లేదు, బతిమాలడమూ లేదు, మన్నించమని అడగడం అంతకన్నా లేదు. పాత బాకీకి వాయిదాలు ఇచ్చారు, కొత్త బాకీకి తలుపు మూశారు. పదో తేదీ దాటినా ఆగస్టు ఫీజు రాకపోతే, పదకొండో తేదీ ఉదయం బిడ్డను తీసుకొచ్చినప్పుడు గుమ్మం దగ్గర చెప్పే పని పెట్టుకోకండి. పదో తేదీ సాయంత్రమే ‘రేపటి నుంచి చేర్చుకోలేను, ఫీజు చెల్లించిన రోజు నుంచి తీసుకురండి’ అని రాసి పంపండి. బిడ్డ ముందు మాటా మాటా అనుకోవద్దు. బాకీ ఉన్నారని సాయంత్రం బిడ్డను అప్పగించకుండా ఒక్క నిమిషం కూడా ఆపవద్దు, సంచి, పాల సీసా అట్టిపెట్టుకోవద్దు. మీ న్యాయం ఎంత గట్టిదైనా ఆ క్షణంలో తప్పు మీ వైపు వచ్చి పడుతుంది. తల్లిదండ్రులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎవరి బాకీ గురించీ రాయవద్దు.

అప్పటికీ ఇవ్వకపోతే చట్టం మీకు దారి చూపకపోలేదు. నోటి మాటతో కుదిరిన ఒప్పందం కూడా ఒప్పందమే. చేసిన పనికి రావలసిన డబ్బు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది, గడువులోగా బాకీదారు రాసి సంతకం చేసి ఒప్పుకుంటే అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. అయితే 13,500 కోసం దావా దాకా వెళ్లమని నేను చెప్పను. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకుంటే, కేసు వేయక ముందే ఇరువైపులనూ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదురుస్తారు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందన్న సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. నిజానికి ఇంత దూరం రాదు. తేదీలు వేసిన ఒక సందేశం వెళ్లేసరికి చాలామంది సర్దుకుంటారు, సర్దుకోనివారు ఇంకొక చోటు వెతుక్కుంటారు. మీకు రెండూ లాభమే.

ఇక ఆలస్యంగా వచ్చేవారు. మీలాంటి వారికి అందరూ ఇచ్చే సలహా ‘అరగంటకు ఇంత అని జరిమానా పెట్టండి’ అని. దీని గురించి ఒక ఆసక్తికరమైన పరిశీలన ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో యూరి గ్నీజీ, ఆల్డో రస్టికీని అనే ఆర్థికవేత్తలు పది డే కేర్లను ఇరవై వారాల పాటు గమనించి, 2000లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో ఆరు చోట్ల, పది నిమిషాలు దాటి ఆలస్యమైతే పది షెకెళ్ల (షెకెల్ అంటే ఇజ్రాయెల్ కరెన్సీ) జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. తర్వాత జరిమానా తీసేసినా మునుపటి స్థితికి రాలేదు. అంతకు ముందు ‘పాపం టీచరమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది’ అని ఉరుకులు పరుగులతో వచ్చిన తల్లిదండ్రులకు, ఆ కొద్ది డబ్బుతో ఎదురుచూపును కొనుక్కోవచ్చని తెలిసిపోయింది. చిన్న జరిమానా కన్నా జరిమానా లేకపోవడమే నయమని నా అభిప్రాయం.

అందువల్ల రాలేనివారినీ, రానివారినీ వేరు చేయండి. నర్సమ్మగారు రాలేని మనిషి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ పడిన రోజున, తర్వాతి వారికి వార్డు అప్పగించి వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఆమెను ఏడింటికి రమ్మనడమంటే ఉద్యోగం మానమనడమే. ఆమెకు జరిమానా కాదు, వేరే ఏర్పాటు కావాలి. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో బిడ్డను ఉదయం ఎనిమిదికి కాకుండా ఒంటిగంటకు తీసుకురమ్మనండి, ఎనిమిదిన్నర దాకా ఉంచుకోండి, ఆయా అదనపు గంటలకూ మీ సమయానికీ కలిపి నెలకు 1,500 ఎక్కువ తీసుకోండి. డ్యూటీ చార్టు చేతికి రాగానే ఫొటో తీసి పంపమనండి. ఆమె ఒప్పుకుంటుందనే నా నమ్మకం, ఎందుకంటే మీరు ఏడింటికి మొహం మాడ్చుకుని నిలబడడం ఆమెకూ సుఖంగా ఉండదు. ఆమె ఒప్పుకున్నా ఆయా ఒప్పుకోకపోతే, లేక మీ ఇంట్లో ఆ వేళకు వంటా, మీ పిల్లల చదువూ ఉంటే, ‘నావల్ల కాదమ్మా’ అని చెప్పడానికి వెనకాడవద్దు; ఆమెకు మూడు నాలుగు వారాల వ్యవధి ఇస్తే చాలు.

రాగలిగి కూడా రానివారికి మాత్రం పదిహేను నిమిషాల వెసులుబాటు, ఆ తర్వాత అరగంటకు 150, నెలలో మూడోసారి జరిగితే కూర్చుని మాట్లాడడం, ఆపైనా మారకపోతే నెల గడువుతో చోటు ఖాళీ చేయించడం అని ముందే చెప్పండి. 150 అనేది మీకు లాభం కోసం కాదు, ఆలస్యం వారికి అలవాటుగా మారకుండా ఉండేంత బరువు కోసం. మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. కొండ మీద డ్యూటీ చేసే తల్లిదండ్రులు ఉంటే, బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, వైకుంఠ ఏకాదశికి, వారు ఎప్పుడు అలిపిరి దిగుతారో వారికే తెలియదు. ఆ రోజులను ఆలస్యాల కింద లెక్కవేయడం అన్యాయం. అలాంటి రోజులకు ప్రతి కుటుంబం తమ బదులు బిడ్డను తీసుకువెళ్లే ఇద్దరి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ముందే రాసిచ్చేలా చూడండి. ఆ ఇద్దరిలో లేని మనిషి వస్తే, బిడ్డ ‘మామా’ అంటూ ఎదురు పరుగెత్తినా సరే, తల్లికో తండ్రికో ఫోన్ చేసి మాట్లాడకుండా అప్పగించవద్దు.

పంటి గాటు గురించి కేకలేసిన తండ్రి విషయంలో నాకు ఆయన మీద కొంచెం జాలి ఉంది. ఏడాది నుంచి రెండున్నరేళ్ల పిల్లలు కొరకడం ఎక్కడైనా ఉండేదే, మాటలు సరిగా రాని వయసులో కోపం పళ్లతో చెబుతారు. అయితే ఆ గాటును ఆయన ఇంటికి వెళ్లి బిడ్డ చొక్కా విప్పినప్పుడు తానే కనుక్కున్నాడు. కోపానికి మూలం గాటు కాదు, అది తనకు చెప్పకపోవడం. ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టి, దెబ్బ తగిలిన వెంటనే ఇలా రాయండి: ‘సాయంత్రం 4.20. ఎడమ ముంజేతి మీద పంటి గాటు. చర్మం తెగలేదు. సబ్బుతో కడిగి చల్లటి తడిగుడ్డ పెట్టాము. 4.35కి తల్లికి ఫోన్ చేసి చెప్పాము.’ బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చినవారికి మీరే ముందుగా చెయ్యి చూపించి, ఆ పేజీ చదివించి, సంతకం తీసుకోండి. కొరికిన బిడ్డ పేరు మాత్రం చెప్పవద్దు, ఎంత అడిగినా చెప్పవద్దు. వీధిలో కేకలు వేసే మనిషి రేపు ఆ రెండో కుటుంబం ఇంటికి వెళ్లగలడు. చర్మం తెగితే డాక్టరుకు చూపించమని చెప్పి, అదీ రాయండి.

గూగుల్‌లో రాస్తానన్న బెదిరింపుకు భయపడి ఫీజు తగ్గించకండి. రాస్తే ఒక్కసారి, రెండు వాక్యాల్లో, బిడ్డ వివరాలు ఏవీ లేకుండా మర్యాదగా జవాబు రాసి ఊరుకోండి.

జ్వరం మందు పోసి వదిలి వెళ్లడం మాత్రం చిన్న విషయం కాదు. పారాసెటమాల్ పనిచేసే నాలుగైదు గంటలు బిడ్డ బాగానే ఉంటాడు, మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతూ మీ ఒడిలో ఉంటాడు, అప్పటికి మిగతా ఎనిమిది మందితో కలిసి ఆడి ఉంటాడు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతేనే తీసుకురావాలన్న నియమం పెట్టండి. ఆటలమ్మ సోకితే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా, కండ్లకలక అయితే డాక్టరు చెప్పేదాకా రాకూడదు. ఉదయం గుమ్మంలోనే, అనుమానమున్న బిడ్డకు డిజిటల్ థర్మామీటరు పెట్టి చూడండి. తల్లి ఇంకా చెప్పులు వేసుకుని ఉండగానే చూస్తే వాదన ఉండదు. డాక్టరు చీటీ, తల్లి రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి లేకుండా ఏ మందూ మీ చేత్తో వేయవద్దు. తల్లికి సెలవు దొరకదన్నది నిజమే, ఆ కష్టం నాకు తెలుసు, కానీ ఆ ఒక్క కుటుంబపు కష్టాన్ని మిగతా ఎనిమిది కుటుంబాల మీద వేసే అధికారం మీకు లేదు.

7,000 రసీదు అడిగినవారికి ఒక్కటే జవాబు: ఖాతాలో ఎంత పడితే అంతకే రసీదు. వారి ఆఫీసు డే కేర్ ఖర్చు తిరిగి ఇచ్చేదైతే, ఎక్కువకు రాసిన కాగితం మీద ఉండేది మీ సంతకం. ఇవ్వనని చెబితే వారు వెళ్లిపోతారన్న భయం ఉంటే, అంతకన్నా పెద్ద అబద్ధం వచ్చే ఏడాది అడుగుతారన్న భయం కూడా పెట్టుకోండి.

ఇప్పుడు ఫీజు పెంపు. మూడేళ్లుగా 4,500 దగ్గరే ఉన్నారు. సెప్టెంబరు ఒకటి నుంచి 5,000 అని ఆగస్టులోనే చెప్పండి, ఆ తర్వాత ఏటా బడులు తెరిచే జూన్‌లో సమీక్ష ఉంటుందనీ చెప్పండి. కోపంతో ఒకరు మానేస్తారనే అనుకుందాం. ఎనిమిది మందికి 5,000 చొప్పున 40,000 వస్తుంది, తిండి ఖర్చు 875 తగ్గి మొత్తం ఖర్చు 27,900 అవుతుంది, మిగిలేది 12,100. తొమ్మిది మందితో పాత ఫీజు మీద మిగిలే 11,725 కంటే ఇది ఎక్కువ, ఒక బిడ్డ తక్కువ. ఈ లెక్క ఒక కాగితం మీద మీరే స్వయంగా వేసుకోండి, ఎందుకంటే ఎవరైనా ‘మానేస్తాము’ అన్నప్పుడు మీ కాళ్లు వణకకుండా ఉంచేది ఇదే. మానేసేది ఆ స్నేహితుడి కుటుంబమైతే లాభం ఇంకా ఎక్కువ.

ఈ నియమాలన్నీ ఒకే కాగితం మీద తెలుగులో రాయించండి. ఫీజు, తేదీ, వేళలు, రాని నెల సంగతి, జ్వరం సంగతి, బిడ్డను తీసుకెళ్లేవారి పేర్లు, మానేయాలంటే నెల ముందు చెప్పాలన్న షరతు. సంక్రాంతి మూడు రోజులు, ఉగాది, మే నెలలో గంగమ్మ జాతర, దసరా, దీపావళి సెలవులను కూడా ఏడాదికి సరిపడా ముందే వేసేయండి. జాతర రోజు మీ ఆయా పనికి వస్తుందని ఎవరూ అనుకోరు గాని, ఆ రోజుకు ఫీజు కోసుకుంటామనేవారు మాత్రం ఉంటారు. రెండు ప్రతులు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు. స్టాంపు పేపరు హంగామా అక్కర్లేదు. కొత్తగా చేరేవారి దగ్గర ఒక నెల ఫీజు డిపాజిట్టుగా తీసుకుని, మానేసే నెలకు సర్దండి. ఇప్పుడున్నవారి దగ్గర ఒక్కసారి తీసుకుంటే బరువవుతుంది గనుక నాలుగు విడతల్లో తీసుకోండి. ఈ డిపాజిట్టు మీ సొమ్ము కాదు, దాన్ని వాడకండి. చీటీ పాటలో పెడదామన్న ఆలోచన వస్తే అస్సలు వద్దు. పాట మీ చేతికి రాకముందే ఇద్దరు మానేస్తే తిరిగి ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

డబ్బును ఇంటి డబ్బుతో కలపకండి. డే కేర్ కోసం మీ పేరు మీద వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపులన్నీ దానికే వచ్చేలా గోడ మీద క్యూఆర్ కోడు అంటించండి. నగదు ఇస్తే రసీదు రాసి, అదే రోజు ఆ ఖాతాలో వేయండి. ప్రతి నెలా 6వ తేదీన మీకు మీరే 8,000 జీతంగా ఇంటి ఖాతాకు పంపుకోండి, అంతకు మించి కాదు. మిగిలింది అక్కడే ఉంచితే, మొదట ఆ మూడు రూపాయల అప్పు తీర్చడానికీ, తర్వాత ఒక నెల ఖర్చు, అంటే దాదాపు 29,000, నిల్వగా పోగు చేయడానికీ పనికొస్తుంది. వచ్చే ఏప్రిల్, మే నెలలను దాటించేది ఆ నిల్వే.

ఆ అప్పు గురించి ఒక మాట. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 40,000 మీద ఏటా 14,400 వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ ముందు అడగండి. లేకపోతే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు చేసుకుని, బ్యాంకులో అలాంటి వ్యాపారాలకే ఇచ్చే ముద్రా రుణం అడగండి. ముద్రాలో ‘శిశు’ అనే విభాగం కింద 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు. ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, దానికి డబ్బు అడిగేవారి దగ్గరకు పోవద్దు. బ్యాంకు 12 శాతానికి ఇచ్చినా మీ వడ్డీ ఏడాదికి 4,800కు దిగుతుంది.

పన్ను భయం పెట్టుకోకండి. ఇప్పటి ఫీజుతో ఏడాదికి మీ వసూళ్లు 5 లక్షల లోపు, సేవలకు జీఎస్టీ నమోదు 20 లక్షలు దాటితేనే. మీకు మిగిలే ఆదాయం, కొత్త పన్ను విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి పన్ను లేని మొదటి 4 లక్షలకు చాలా దూరంలో ఉంది. అయినా రిటర్ను వేయించండి, రేపు బ్యాంకు మేనేజరు మొదట అడిగేది అదే.

నడపాలా, మూసేయాలా అని అడిగారు. సంక్రాంతి దాకా నడపండి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలలూ, అన్ని ఖర్చులూ వడ్డీ పోగా మీ చేతికి 8,000 జీతం వచ్చి, ఖాతాలో ఎంతో కొంత మిగిలితే నడపవలసిన పనే. నియమాలు పెట్టిన తర్వాత కూడా జీతం రాకపోయినా, వచ్చినా మీ ఆరోగ్యం సహకరించకపోయినా, జనవరి నెలాఖరుకు తల్లిదండ్రులకు చెప్పి, ఫిబ్రవరి అంతా వారికి వేరే చోటు చూసుకునే వ్యవధి ఇచ్చి, డిపాజిట్లు తిరిగి ఇచ్చి మూసేయండి. వాషింగ్ మెషీను, ఇన్వర్టరు అమ్మితే అప్పులో కొంత తీరుతుంది. ఆ నిర్ణయం మీ వారు విసుగ్గా అన్న మాట మీద కాక, ఆ నాలుగు నెలల పాసుపుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి తీసుకోండి.